వెనక చక్రం లేని సైకిల్

జూన్ 12, గురువారం

చంద్లాపూర్ పోయొస్తానని సైకిల్ మీద వెళ్లిన మా ఆయన చింతమడకలో దొరికాడు.

ఇవాళ ఆయన స్నేహితుడు మధుసూదన్ రాలేదు కదా, అదీ సంగతి. వాళ్ల చుట్టాలింట్లో పెళ్లి. రోజూ పొద్దున్నే ఇద్దరూ కలిసి చంద్లాపూర్‌లో రంగనాయక సాగర్ కట్ట దాకా తొక్కుకుంటూ పోయి, కాసేపు నీళ్లు చూసి తిరిగొస్తారు. మధుసూదన్ తన మందుల దుకాణానికి పోతాడు, ఈయన ఇంటికొస్తాడు. ఈయన వచ్చాకే నేను చాయ్ పెడతాను. ప్రేమా దోమా ఏం లేదు, అలవాటు. ఇవాళ ఎండెక్కినా రాలేదు. చాయ్ లేక తల పగిలిపోతోందని తిట్టుకుంటూ గేటు దగ్గర నిలబడ్డాను. అప్పుడు ఫోన్ వచ్చింది.

"అమ్మా, నా పేరు స్వామి, ఆటో నడుపుత. గీ సారు చింతమడక బస్ స్టాప్‌ల కూసున్నడు. ఏ ఊరు సారూ అంటె చెప్తలేడు. ఫోన్ల 'ఇల్లు' అని నంబర్ ఉంటె కొట్టిన."

సైకిల్ ఆటో పైన కట్టుకుని మరీ తీసుకొచ్చాడు, పాపం. ఈయన దిగి, నన్ను చూసి, ఏమీ జరగనట్టే, "డ్యామ్‌ల సుక్క నీళ్లు లెవ్వే. అంత పొలాలు చేసిపెట్టిన్రు" అన్నాడు.

ఎండ దెబ్బ. కళ్లు తిరిగి దారి తప్పి ఉంటాడు. ఈ ఎండలు మామూలుగా ఉన్నాయా?

జూన్ 13, శుక్రవారం

మామూలుగానే ఉన్నాడు. ఉప్మాలో ఉప్పు తక్కువైందని వంక కూడా పెట్టాడు. ఉప్పు సంగతి తెలిసిన మనిషికి దారి సంగతి తెలియదా? అనవసరంగా భయపడుతున్నాను.

జూన్ 16, సోమవారం

మా అబ్బాయి శ్రీవర్ధన్ పట్టుబట్టి హైదరాబాద్ తీసుకుపోయాడు. వాడు దుకాణం వదిలి రావడం అంటే మాటలు కాదు. స్టీలు, ఇత్తడి గిన్నెల దుకాణం మాది. తండ్రి కూర్చున్న గల్లాపెట్టె దగ్గర ఇప్పుడు వాడే కూర్చుంటున్నాడు.

డాక్టరమ్మ ఏవేవో అడిగింది. ఈయన నవ్వుతూ జవాబులు చెప్పాడు, సగం తప్పు. చివరికి ఆమె ఒక పేరు చెప్పింది. మతిమరుపు రోగంలో ఒక రకమట, పెరుగుతుందే తప్ప తగ్గదట. ఆ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఇంట్లోకి పిలిచి పీట వేసినట్టే. అయినా మతిమరుపు ఎవరికి లేదు? నేను పాలు పొయ్యి మీద పెట్టి ఎన్నిసార్లు మరిచిపోలేదు!

సైకిల్ రోడ్డు మీద వద్దే వద్దంది. కానీ కాళ్లాడించడం మాత్రం మాన్పించొద్దు, ఇంట్లోనే తొక్కించండి, దానివల్ల మనిషి కాస్త నెమ్మదిగా ఉంటాడు అంది. కారు మా సిద్దిపేట పొలిమేరకు వచ్చింది. అప్పుడు ఈయన నెమ్మదిగా అడిగాడు.

"జ్ఞానీ, డాక్టర్‌కు ఎవరిని చూపిచ్చినం?"

"నన్నే. మోకాళ్లు గుంజుతున్నయని."

"తగ్గుతయ్ తియ్. పొద్దుగాల లేసి జర నడువరాదు, ఎప్పుడు చూడు కూసునే ఉంటవ్."

ముందు సీట్లో శ్రీవర్ధన్ వెనక్కి తిరగలేదు. ఇంటికి వచ్చాక మాత్రం వంటింట్లోకి వచ్చి, "అమ్మా, బజార్ల ఎవ్వరికి చెప్పకు. నాయిన మాట మీద నడిచిన దుకాణం. మాటనే యాదికుండదని తెలిస్తె మనమేం మాట్లాడుతం చెప్పు?" అన్నాడు. సరే అన్నాను. ఎవరికి చెబుతాను? పక్కింటి ప్రమీలాదేవికి చెబితే పొద్దుగూకేసరికి గజ్వేల్ దాకా తెలుస్తుంది. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

జూన్ 18, బుధవారం

గేటుకు తాళం వేశాను. ఈయన హెల్మెట్ పెట్టుకుని, తాళం పట్టుకుని ఊపుతాడు. వెనక్కి వస్తాడు. మళ్లీ పోయి ఊపుతాడు. "ఏందే గిది, జైలా?" అని అరిచాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో నా మీద గొంతు లేపింది తక్కువ. నేను కూడా అరిచాను. ఇద్దరం అన్నం తినలేదు. కట్టేసిన కోడెలా ఉంది ఆయన పరిస్థితి. విప్పలేను, చూడలేను.

జూన్ 19, గురువారం

శ్రీవర్ధన్ ఒక ఎక్సర్‌సైజ్ సైకిల్ బొమ్మ ఫోన్లో చూపించాడు తండ్రికి. ఈయన దాన్ని ఎగాదిగా చూసి, "గది దవాఖాన సామాను. చచ్చినా ఎక్క" అన్నాడు. "ఎంత తొక్కినా జాగ నుంచి కదలనిదాని మీద కూసునేటందుకు నేనేమన్న గానుగెద్దునా?"

అయితే తన సైకిలే కావాలి. దాన్నే ఇంట్లో తొక్కేటట్టు పెట్టే స్టాండు ఒకటి వస్తుందట, ట్రైనర్ అంటారట. రాత్రి అన్నాలయ్యాక తల్లీకొడుకులం ఫోను ముందేసుకుని కూర్చున్నాం. నేను కుక్కర్ కొనేటప్పుడు అడిగినట్టే అడుగుతూ పోయాను. మూత ఎట్లా, బరువెంత, చప్పుడెంత.

మూడు రకాలున్నాయి. ఒకటి, కింద రోలర్లు మాత్రమే ఉంటాయి, సైకిల్‌ను దాని మీద ఊరికే నిలబెట్టి తొక్కడమే. తూకం తప్పితే కింద పడతాడు. అది వద్దు. రెండోది, వెనక చక్రం అట్లాగే ఉంచి స్టాండుకు బిగిస్తారు, చక్రం ఒక రోలరుకు రాసుకుంటూ తిరుగుతుంది. మూడోది, వెనక చక్రం పూర్తిగా తీసేసి, గొలుసును నేరుగా యంత్రానికే తగిలిస్తారు.

శ్రీవర్ధన్ రెండోదే మంచిదన్నాడు. "అగ్గువ, అల్కగ బిగియ్యొచ్చు. ఎప్పుడన్న నేను తోడు పోతె ఇట్ల తీసి అట్ల బయటికి తీసుకపోవచ్చు."

నేను మూడోదన్నాను.

"ఎందుకమ్మా?"

"చప్పుడు తక్కువుంటదన్నవ్ గద. రెండోది బర్రున మోగుతదట. ప్రమీలాదేవి గోడ మీదికెల్లి చూస్తది."

చప్పుడు కోసమే.

జూన్ 21, శనివారం

మధుసూదన్ వచ్చాడు. ఈయన పొద్దున తొక్కడానికి రావడం లేదేమిటని అడిగాడు. కళ్లు తిరుగుతున్నాయన్నాను. సగం నిజం చెప్పినా సగం పాపం పోతుందంటారా? ట్రైనర్ సంగతి చెబితే, వాడికి తెలిసిన విషయం కాబట్టి తెగ హుషారయ్యాడు. సైకిల్ గేర్ల పళ్లు ఎన్నో చూసి, దానికి సరిపోయే పళ్ల చక్రమే యంత్రానికి బిగించాలన్నాడు. అంతా విని, "చక్రం తీసేసే రకం ఎందుకొదినా? బయట తొక్కబుద్ధయితె మళ్ల బిగించుకునుడు లొల్లి గద" అన్నాడు.

"చప్పుడు" అన్నాను.

"గంత చప్పుడేం గాదొదినా."

"నాకు తలనొప్పి."

నన్ను కాసేపు చూశాడు. మంచివాడు. ఆర్డర్ తనే పెడతానన్నాడు.

జూన్ 27, శుక్రవారం

ఇంకా రాలేదు. ఈయన హెల్మెట్ పెట్టుకునే అన్నం తిన్నాడు.

జూలై 2, బుధవారం

వచ్చింది. పెద్ద డబ్బా, ఎత్తలేనంత బరువు. ముందు గదిలో టీవీకి ఎదురుగా పెట్టించాం.

ఈయన దసరాకు దుకాణంలో తక్కెడ కన్నా ముందు సైకిల్‌కే బొట్టు పెట్టే మనిషి. కొత్త సామాను ఇంటికొచ్చింది కాబట్టి నేనూ పసుపు కుంకుమ తెచ్చాను. బండికి చేసినట్టే చేద్దామని రెండు నిమ్మకాయలు కూడా తెచ్చాను. తెచ్చాక చూసుకున్నాను, తొక్కించడానికి వెనక చక్రమేదీ? కదలని బండికి నిమ్మకాయ దేని కింద పెట్టాలి? కాసేపు చేతిలో పట్టుకుని నిలబడి, పులిహోరలో పిండేశాను.

చక్రం తీసింది ఆయనే. మధుసూదన్ పానా తీసేలోపే ఈయన వంగి, ఒక పుల్లలాంటిది ఇటు తిప్పి అటు లాగాడు, చక్రం చేతిలోకి వచ్చేసింది. నిన్న తిన్నదేమిటో తెలియదు గానీ వేళ్లకు అన్నీ తెలుసు. గర్వంగా నా వైపు చూశాడు. తర్వాత చేతిలో చక్రాన్ని చూసుకుని, "గిది ఏంటికి తీసినం?" అన్నాడు.

"సర్వీసుకు ఇయ్యాలె" అన్నాను. మధుసూదన్ తల వంచుకుని స్క్రూలు బిగిస్తున్నాడు.

జూలై 3, గురువారం

చక్రం ఎక్కడ పెట్టానో ఇక్కడ కూడా రాయను. ఆయన నా డైరీ చదవడు. అయినా.

జూలై 5, శనివారం

టీవీలో రోడ్డు కనిపించే యాప్ ఒకటి పెట్టాడు శ్రీవర్ధన్. మనం తొక్కుతుంటే అది ముందుకు పోతుంటుంది. ఏ దేశమో, కొండలు, మంచు, నున్నటి రోడ్డు. ఈయన కాసేపు తొక్కాడు. తర్వాత ఆగి, "గిదేం ఊరురా? ఒక్క మనిషి లేడు, ఒక్క బర్రె లేదు. అందరు సచ్చిపోయిన్రా?" అన్నాడు. దిగి గేటు దగ్గరికి పోయాడు.

ఇంత బరువు సామాను, ఇంత ఆలోచన, ఇంత వాదన! ఎక్కనంటే ఏం చేయను? రేపు తొలి ఏకాదశి. ఉపవాసం ఎట్లాగూ ఉంటాను. దేవుడికి నా ఆకలి చూపించి ఏమన్నా అడగొచ్చేమో.

జూలై 6, ఆదివారం

పేలపిండి చేశాను. మధుసూదన్‌ను పిలిచాను. ఈయన పక్క గదిలో పడుకున్నాక, అన్నీ చెప్పేశాను. చింతమడక, డాక్టరమ్మ, ఆ పేరు, అన్నీ. చెబుతుంటే వాడు పేలపిండి చేతిలో పట్టుకునే ఉన్నాడు, నోట్లో వేసుకోలేదు.

"నాకు ముందే అనుమానమొచ్చిందొదినా" అన్నాడు. "మొన్న చలికాలంల కట్ట మీద నిలబడి, గీ నీళ్లు ఎప్పుడొచ్చినయ్ మధూ అని అడిగిండు. మజాక్ చేస్తుండనుకున్న. అనుకోవాలనుకున్న."

లేచి పోతూ, చెప్పులు వేసుకుంటూ అన్నాడు. "గా మంచుకొండలు అన్నకేం తెలుసు? మన బాటనే చూపిస్తె? రేపు నా సైకిల్‌కు ఫోన్ కట్టుకుని చంద్లాపూర్ దాంక వీడియో తీసుకొస్త."

ఒరేయ్ నాయనా, ఇంతకాలం ఈ మాట ఎవరికీ తట్టలేదేమిటి!

జూలై 9, బుధవారం

తొక్కాడు! తొక్కాడు!

టీవీలో మా వీధి మూల, తర్వాత బజారు, తర్వాత పెద్ద రోడ్డు. ఈయన ముఖం ఎట్లా విచ్చుకుందో! సైకిల్ మీద ముందుకు వంగి, మలుపు వస్తే తనూ పక్కకు ఒరిగాడు. లారీ వస్తే "జరుగు జరుగు" అన్నాడు. దారిలో బర్రెలను తోలుకొచ్చే రాజమల్లయ్య కనబడగానే చెయ్యెత్తి, "రాజమల్లయ్యా, బాగున్నవా? చిన్న బర్రె ఈనిందా?" అని కేక పెట్టాడు. వీడియోలో రాజమల్లయ్య కూడా మధుసూదన్‌ను చూసి చెయ్యెత్తాడు. ఈయనకు జవాబు దొరికింది.

నేను తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడి నవ్వి నవ్వి ఏడ్చాను. సగం దారిలో ఆపేసి, చాలు దిగున్రి, డాక్టర్ మొదట్లో కొంచెం కొంచెమే అంది అన్నాను. చెమట తుడుచుకుని చాయ్ తాగాడు. పేరు పెట్టి పిలిచి మరీ, "జ్ఞానీ, ఇంకో గ్లాసు ఉన్నదా?" అన్నాడు.

ఎంచి ఎంచి తెచ్చినందుకు మంచి సామానే తెచ్చాను. చప్పుడు లేదు, కదలదు, పడదు.

జూలై 12, శనివారం

రోజూ సగం దారి దాకా. బాగా తింటున్నాడు, బాగా నిద్రపోతున్నాడు. ప్రమీలాదేవి గోడ మీది నుంచి, "అన్న పొద్దుగాల ఎవరితోని మాట్లాడుతుండు జ్ఞానేశ్వరీ?" అంది. ఫోన్లో మాట్లాడుతున్నాడన్నాను. గేటుకు తాళం తీసేశాను. ఇంటికి తాళం వేసుకుని బతకడం నాకూ ఇష్టం లేదు, పనిమనిషి వచ్చినప్పుడల్లా లేచిపోయి తీయాలి. ఇంకెక్కడికి పోతాడు?

జూలై 14, సోమవారం

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

ఇవాళ శ్రీవర్ధన్ తొందరగా దుకాణానికి పోవాలన్నాడు, చపాతీలు చేస్తూ వంటింట్లో ఉండిపోయాను. వాడు పోయాడు. నేను మిగతావి కాలుస్తున్నాను. ముందు గదిలో వీడియో ఆపడం మరిచిపోయాను. అది చివరిదాకా నడిచింది. నేను వచ్చేసరికి టీవీలో కట్ట, కట్ట అవతల నీళ్లు, అంతే, తర్వాత నలుపు. ఈయన సైకిల్ దిగి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"నీళ్లు మంచిగున్నయ్. ఇగ ఇంటికి పోదాం జ్ఞానీ, ఎండెక్కుతుంది" అన్నాడు.

"ఇల్లే గదా ఇది."

"చంద్లాపూర్ల మనకు ఇల్లెక్కడిది?"

నేను నవ్వాను. అదే తప్పు. ఆయన ముఖంలో భయం చూశాక గానీ నాకర్థం కాలేదు. మధుసూదన్ పోయేటప్పుడే తీశాడు, వచ్చేటప్పుడు తీయలేదు. తీయాలని వాడికి తోచలేదు, అడగాలని నాకు తోచలేదు. చంద్లాపూర్ దాకా తీసుకుపోయి అక్కడే వదిలేశాం మనిషిని.

ఆయన వంగి సైకిల్ వెనక చూశాడు. "చక్రమేది? అయ్యో, ఎవడో కొట్టేసిండే! ఇప్పుడెట్ల పోవాలె?" కూర్చోండి, నీళ్లు తెస్తాను అన్నాను. పెనం మీద చపాతీ మాడు వాసన. లోపలికి పోయి పొయ్యి ఆర్పి, చెంబుతో నీళ్లు పట్టుకుని వచ్చేసరికి ముందు గదిలో ట్రైనర్ ఒక్కటే ఉంది. సైకిల్ లేదు. గేటు బార్లా తెరిచి ఉంది.

తాళం ఎందుకు తీశాను? చక్రం నా దగ్గరుంది కదా అని. చక్రమే తాళం అనుకున్నాను. చప్పుడు కాదు, ఏమీ కాదు. చక్రం లేకపోతే పోలేడని ఆ రకం కొన్నాను. కాళ్లు ఆయనవే కదా, నడిచి పోతాడని తోచలేదు నా మొద్దు బుర్రకు.

వీధంతా తిరిగాను, చెప్పులు కూడా లేవు కాళ్లకు. ప్రమీలాదేవి ఏమైందేమైందంటూ వెంటపడింది. శ్రీవర్ధన్‌కు ఫోన్ చేస్తే, వాడే ఎత్తి, "అమ్మా, నాయిన ఈడనే ఉన్నడు. వస్తున్నం" అని పెట్టేశాడు.

జరిగింది తర్వాత చెప్పాడు. చక్రం లేని సైకిల్‌ను భుజాన వేసుకుని, హెల్మెట్‌తో, చెమటతో, ఈయన నడిచి నడిచి బజారుకు పోయాడు. కనబడ్డ ప్రతివాళ్లనూ అడిగాడట, "సిద్దిపేటకు బాట ఎటు?" సిద్దిపేట నడిబజారులో. మొదట కొందరు నవ్వారట. తర్వాత నవ్వలేదట. అట్లా అడుగుతూ అడుగుతూ మా దుకాణం ముందుకే వచ్చి, తన పేరే రాసి ఉన్న బోర్డు కింద నిలబడి, గిన్నెలు కొనడానికొచ్చిన వాళ్లను అడిగాడు. "అయ్యా, సిద్దిపేటకు ఎటు పోవాలె? మా ఇంటామె చాయ్ తాగకుంట కూసుంటది."

శ్రీవర్ధన్ గల్లాపెట్టె దగ్గర నుంచి చూశాడు. దుకాణం నిండా మనుషులు, ఎదురు దుకాణాల వాళ్లు మెట్ల మీదికి వచ్చేశారు. వాడు ఎవరికీ తెలియొద్దన్నది ఇదే. వాడు లేచి, మెట్లు దిగి, తండ్రి భుజం మీది సైకిల్ తన భుజానికి మార్చుకున్నాడట.

"నేను గటే పోతున్న పెద్దమనిషీ. నడువు, తోడు పోదాం."

ఇద్దరూ నడిచే వచ్చారు. గేటు దగ్గర నన్ను చూడగానే ఈయన శ్రీవర్ధన్‌కు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. వాడు లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

జూలై 15, మంగళవారం

ఇక దాచేదేమీ లేదు. ప్రమీలాదేవి బీరకాయ కూర గిన్నె తెచ్చి ఇచ్చింది. ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగితే ఇంత కోపం వచ్చేది కాదు. గిన్నె కడిగి ఇవ్వబోతే, "ఉండనీయే, తొందరేమున్నది" అంది. అప్పుడు మాత్రం ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చాను.

జూలై 17, గురువారం

పొద్దున చిక్కుళ్లు ఒలుస్తుంటే వచ్చి ఎదురుగా పీట వేసుకున్నాడు. తనూ నాలుగు ఒలిచాడు. కళ్లు తేటగా ఉన్నాయి, పాత కళ్లు.

"చక్రం ఏడ పెట్టినవ్?"

"సర్వీసుకు ఇచ్చిన."

"జ్ఞానీ."

నేను తలెత్తలేదు.

"పుట్టినకాన్నుంచి గిన్నెలమ్మినోన్ని. సామాన్ల అర్రల పెద్ద గంగాళం మీద పాత చీర కప్పి ఉంటె, దాని మీద ఏమున్నదో నాకు తెల్వదా? గంగాళానికి గట్లాంటి మూత ఉండదే పిచ్చిదానా."

చెయ్యి పట్టుకున్నాను. క్షమించున్రి అన్నాను. తిట్టున్రి అన్నాను.

"ఏంటికి తిడుత? మంచి పని చేసినవ్. గాడ్నే ఉండనీ." ఇంకో చిక్కుడుకాయ ఒలిచి గింజలు నా పళ్లెంలో వేశాడు. "మొన్న నేను బజార్ల ఏమో చేసిన గద. శ్రీవర్ధన్ నా మొఖం దిక్కు చూస్తలేడు. రేపు నేను చక్రం అడుగుత. అడుగుతనే. మొత్తుకుంట, తిడుత. నువ్వు మాత్రం చెప్పకు. నేను చెప్పుమన్నా నా మాట ఇనకు."

నేను వెక్కి వెక్కి ఏడుస్తుంటే తన తువ్వాలు ఇచ్చాడు.

"ఏడువకే. ఎందుకేడ్సినవో నాకు రేపటికి యాదికుండది. నువ్వొక్కదానివే మోసుడైతది."

జూలై 18, శుక్రవారం

"చక్రమేదే?"

"సర్వీసుకిచ్చిన."

"ఎప్పుడిస్తడట?"

"రేపు."

జూలై 20, ఆదివారం

మధుసూదన్ తిరిగొచ్చే దారి వీడియో తీశాడు ఇవాళ. కట్ట మీద మొదలుపెట్టి, రాజమల్లయ్య బర్రెల మీదుగా, బజారు మీదుగా, మా గేటు దాకా. ఏ ముక్కా వదలొద్దని శ్రీవర్ధన్ కూడా బండి మీద వెంట పోయాడు. సోమవారం నుంచి తండ్రితో సరిగా మాట్లాడనివాడు, నిన్న తనే మధుసూదన్‌కు ఫోన్ చేసి ఇది తీయమన్నాడు.

నన్ను గేటు దగ్గర నిలబడమన్నారు. ఆకుపచ్చ చీర కట్టుకున్నాను. కొంగు సర్దుకుంటుంటే మధుసూదన్ సైకిల్ మీద వస్తూ, "జర నవ్వొదినా!" అని అరిచాడు. "ఏం, పెండ్లి ఫోటోనా?" అన్నాను. అన్నాక నవ్వొచ్చింది. వీడియోలో ఆ నవ్వే పడిందట.

జూలై 22, మంగళవారం

రెండు వీడియోలూ కలిపి పెట్టాడు శ్రీవర్ధన్. ఇవాళ ఈయన మొత్తం తొక్కాడు. నేను తువ్వాలుతో, నీళ్లతో పక్కనే కూర్చున్నాను, వంటింట్లోకి పోలేదు. పోయేటప్పుడు రాజమల్లయ్యను పలకరించాడు, వచ్చేటప్పుడు మళ్లీ పలకరించాడు. కట్ట రాగానే లేచి నిలబడ్డాను. కానీ తెర నల్లబడలేదు, దారి వెనక్కి తిరిగింది. ఆయన కూడా తిరిగాడు. బజారు వచ్చింది, మా దుకాణం వచ్చింది, మా వీధి మలుపు వచ్చింది.

గేటు వచ్చింది. ఆకుపచ్చ చీరలో నేను, నవ్వుతూ. బొమ్మ అక్కడ ఆగిపోయింది.

"అగో" అన్నాడు, ముఖమంతా వెలిగిపోతూ. "మా ఇంటామె. చూసిన్రా, గేటు కాడనే నిలబడ్డది. నేనొచ్చేదాంక చాయ్ తాగది, మొండిది."

సైకిల్ దిగాడు. చెమట కారుతోంది. తువ్వాలు అందించాను. అందుకుని, ముఖం తుడుచుకుని, నా వైపు తిరిగి చేతులు జోడించాడు.

"ఇంత దూరం తోడొచ్చిన్రు. ఊకెనే ఎట్ల పోతరు? మీరు కూడ లోపలికి రాన్రి, ఒక చాయ్ తాగి పోదురు."

మీరు అన్నాడు. పెళ్లయిన నాటి నుంచి ఏమే, ఒసేయ్, జ్ఞానీ తప్ప ఎరగను.

ఏదో ఒకటి అనాలి కదా. "ఆమె ఏమన్న అనుకుంటదేమో" అన్నాను.

"ఏమనుకోది. జర నోరు పెద్దదే గని, మనసు మంచిది."

లోపలికి పోయి చాయ్ పెట్టాను. అల్లం దంచి వేశాను, ఆయనకిష్టమని. పళ్లెంలో రెండు గ్లాసులు పెట్టి తీసుకుపోయాను. ఆయన చూసి, ఇంకొకటేదీ అన్నాడు. మళ్లీ పోయి మూడోది తెచ్చాను.

నాకొకటి ఇచ్చాడు. తనొకటి తీసుకున్నాడు. మూడోదాని మీద సాసర్ బోర్లించి, టీవీ ముందు, గేటు దగ్గర నిలబడ్డ ఆమెకు అందేటంత దగ్గరగా పెట్టాడు.

"గామె వచ్చేదాంక ఆగితె మీది చల్లారిపోతది" అన్నాడు. "మీరు తాగున్రి."